నమీబియాలో బండి మనమే నడుపుతూ ఎతోషా చూడటం ఎలా

ఎతోషా నేషనల్ పార్కుకు గైడు అక్కర్లేదు, సఫారీ జీపూ అక్కర్లేదు. అద్దె బండి తీసుకుని, గేటు దగ్గర డబ్బు కట్టి, మన దారిన మనం తిరగొచ్చు. నమీబియాలో బండ్లు మన దగ్గరలాగే ఎడమ వైపు నడుస్తాయి, స్టీరింగు కుడి వైపే ఉంటుంది. అయినా ఈ ట్రిప్పులో చాలామందికి గుండెలు గుప్పిట్లో పెట్టుకునే పరిస్థితి వస్తుంది. అది సింహాల వల్ల కాదు. గేటు సూర్యాస్తమయానికి మూసేస్తారు, ఇంకా 90 కిలోమీటర్లు ఉంది, కంకర రోడ్డు మీద టైరు పోయింది, ఫోనుకు సిగ్నల్ లేదు. ఇవన్నీ ఒకే సాయంత్రం మీద పడకుండా చూసుకోవడమే ఇక్కడ ప్లానింగ్ అంటే.

ఎప్పుడు వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి

జూన్ నుంచి అక్టోబరు వరకు వానలు దాదాపు ఉండవు. అడవిలో నీళ్లు ఎండిపోయి జంతువులన్నీ నీటిగుంటల దగ్గరికే రావాలి. మనం వెతకక్కర్లేదు, కూర్చుంటే చాలు. జనవరి నుంచి మార్చి వరకు పచ్చదనం బాగుంటుంది, పక్షులు బాగుంటాయి, పెద్ద జంతువులు మాత్రం ఎక్కడెక్కడికో చెదిరిపోతాయి. జూన్, జూలై రాత్రుళ్లు చలి సున్నా దగ్గరికి దిగుతుంది. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని పలుచటి బట్టలతో వెళ్లినవాళ్లు బండి పైన వేసే రూఫ్ టెంటులో వణికిపోతారు.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ మన ఆర్టీఏ ఆఫీసులోనే ఇస్తారు. ఫారం 4ఏ, ఫీజు 1000 రూపాయలు, ఏడాది చెల్లుబాటు. ఒరిజినల్ లైసెన్సు కూడా వెంట ఉండాలి, పర్మిట్ ఒక్కటే చూపిస్తే కుదరదు. క్రెడిట్ కార్డు, బండి నడిపే మనిషి పేరు మీదే ఉండాలి. డిపాజిట్‌కు డెబిట్ కార్డును చాలా కంపెనీలు ఒప్పుకోవు, ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ట్రిప్పు ఆగిపోయేది తరచూ ఇక్కడే. అడిస్ అబాబా లేదా నైరోబీ మీదుగా మారి వెళ్తుంటే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. నమీబియాలో అడక్కపోయినా తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో అడగొచ్చు. వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. హైదరాబాద్ వాళ్లకు నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. పార్కు ఉన్న ఉత్తర ప్రాంతంలో వానాకాలంలో మలేరియా భయం ఉంది, మాత్రల సంగతి డాక్టరును అడగండి.

బండి తీసుకునేటప్పుడు తొందరపడొద్దు

ఎతోషా లోపల రోడ్లకు మామూలు కారు సరిపోతుంది. అయినా హైలక్స్ లాంటి ఎత్తైన బండి మేలు. రాళ్లు అడుగుభాగానికి తగలవు, గడ్డి మీదుగా దూరం కనిపిస్తుంది. తాళం చేతికిచ్చేటప్పుడు గంట పట్టినా సరే, ఇవి చూడండి: రెండు స్టెప్నీలు ఉన్నాయా, వాటిలో గాలి ఉందా, జాకీ, జాకీ కింద పెట్టే చెక్క పలక ఉన్నాయా, స్పానర్ ఈ బండి నట్లకే సరిపోతుందా (ఒక నట్టు నిజంగా వదులు చేసి చూడండి), గాలి కొలిచే గేజీ, చిన్న కంప్రెసర్ పనిచేస్తున్నాయా. స్టెప్నీ బండి కింద వేలాడుతుంటే దాన్ని దించే రాడ్డు ఎక్కడుందో అడిగి, అక్కడే ఒకసారి దించి చూపించమనండి.

ఇన్సూరెన్స్ కాగితంలో ముఖ్యంగా మినహాయింపులు చదవాలి. మామూలు కవర్‌లో టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం తరచుగా ఉండవు. ఎవరూ గుద్దకుండా మనమే పల్టీ కొడితే డబ్బు రాని పాలసీలున్నాయి. చీకటి పడ్డాక నడిపినా, కంపెనీ పెట్టిన వేగం దాటినా తరచూ కవర్ పోతుంది. చాలా బండ్లలో ట్రాకర్ ఉంటుంది కాబట్టి వాదన నిలవదు. టైర్లు, అద్దాల కవర్ విడిగా అమ్ముతారు. వేరే వాటికి బేరం ఆడండి కానీ దీన్ని మాత్రం తీసుకోండి.

విమానం దిగిన రోజే ఉత్తరానికి బయల్దేరొద్దు. ఎయిర్‌పోర్టు నుంచి రాజధాని విండ్‌హుక్ 45 కిలోమీటర్లు, ఆ రాత్రి అక్కడే పడుకోండి. మర్నాడు ఒకహాంజా, ఒచివరోంగో, ఔట్‌యో మీదుగా పార్కు లోపలి ఒకౌకుయో క్యాంపు సుమారు 435 కిలోమీటర్లు, అంతా తారు రోడ్డే. ఐదు గంటల దారి. ఉదయం 8కి బయల్దేరితే ఔట్‌యోలో డీజిల్, నీళ్లు, సరుకులు నింపుకున్నా మధ్యాహ్నం 3కల్లా గేటు దగ్గరుంటారు. పార్కు క్యాంపుల్లో బంకులున్నాయి కానీ ఒక్కోసారి స్టాకు ఉండదు. ట్యాంకు సగానికి వచ్చినప్పుడల్లా నింపడమే పద్ధతి. ఒచివరోంగో దగ్గరే చీతాల సంరక్షణ కేంద్రం ఉంది. 2022 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని కూనో పార్కుకు వచ్చిన ఎనిమిది చీతాలు నమీబియావే కాబట్టి, ఒక రోజు మిగిలితే మనవాళ్లు అక్కడ ఆగొచ్చు.

కంకర రోడ్డు

ప్రమాదమంతా ఇక్కడే. చట్టం ప్రకారం కంకర రోడ్డు మీద 100 వరకు వెళ్లొచ్చు, చాలా కంపెనీలు 80 దాటనివ్వవు. మీరు 70 దగ్గర ఉండండి. ఈ రోడ్ల మీద అడ్డంగా చిన్న చిన్న అలల్లా గట్లు ఏర్పడతాయి. వేగం పెరిగితే కుదుపు తగ్గినట్టనిపిస్తుంది, బాగుందనుకుని ఇంకా తొక్కుతారు. కుదుపు తగ్గిందంటే టైరు గట్టు నుంచి గట్టుకు ఎగురుతూ పోతోందని, నేల మీద పట్టు సగం పోయిందని అర్థం. ఆ స్థితిలో మలుపు వచ్చినా, అడవిపంది అడ్డం వచ్చినా స్టీరింగు తిప్పితే వెనక భాగం జారుతుంది, దాన్ని సరిచేయబోయి అటువైపు ఎక్కువ తిప్పితే బండి బోల్తా పడుతుంది. పల్టీలు ఎక్కువగా ఇలాగే జరుగుతాయి.

అందుకని మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులో బ్రేకు తొక్కొద్దు. జారడం మొదలైతే యాక్సిలరేటర్ మీద కాలు తీసి, స్టీరింగు కొద్దికొద్దిగా తిప్పండి. జంతువు అడ్డం వస్తే నిటారుగా బ్రేకు వేయండి, పక్కకు లాగొద్దు. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే దాన్ని హై రేంజ్‌లో (4H) పెట్టండి, పట్టు పెరుగుతుంది. ఎదురుగా లారీ వస్తే ఎడమకు జరిగి నెమ్మదించండి. దుమ్ములో పది సెకన్లు ఏమీ కనిపించదు, రాళ్లు అద్దానికి కొడతాయి. హెడ్‌లైట్లు పగలు కూడా వెలుగుతూనే ఉండాలి.

టైరులో గాలి తారు రోడ్డుకు 32 పీఎస్ఐ పెడితే, కంకరకు 26-28 చాలు. అక్కడి బంకుల్లో బార్‌లోనో కిలోపాస్కల్‌లోనో చెబుతారు: 2.2 బార్ అంటే 32, 1.8 బార్ అంటే 26. గాలి తక్కువుంటే రాయి మీద టైరు వంగుతుంది, ఎక్కువుంటే చీలుతుంది. కానీ తగ్గించిన గాలితో తారు మీద 120 కొడితే టైరు వేడెక్కి పేలుతుంది, తారు ఎక్కగానే మళ్లీ నింపండి. బండి ఇచ్చినవాళ్లు వేరే అంకె చెబితే ఆ అంకే పాటించండి, ఎందుకంటే అది ఆ బండి బరువును బట్టి చెప్పింది.

టైరు పోతే

స్టీరింగు ఒక వైపు లాగుతుంటే, వెనక నుంచి తపతప చప్పుడు వస్తుంటే వెంటనే ఆగండి. అర కిలోమీటరు లాగితే పంక్చర్‌తో పోయేది, టైరంతా చిరిగి, రిమ్ము కూడా పోతుంది. గట్టి నేల మీద ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఎదురు చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. జాకీ ఎత్తకముందే నట్లన్నీ పావు చుట్టు వదులు చేయండి, గాల్లో ఉన్న చక్రానికి అది కుదరదు. జాకీ యాక్సిల్ కిందో, మాన్యువల్‌లో చూపిన చోటో పెట్టాలి, రేకు కింద కాదు. మెత్తటి నేల అయితే కింద పలక తప్పనిసరి. కొత్త చక్రం ఎక్కించాక నట్లు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించండి. 50 కిలోమీటర్లు పోయాక మళ్లీ ఒకసారి బిగించాలి, ఈ పని దాదాపు అందరూ మర్చిపోతారు. పోయిన టైరును వెంటనే వచ్చే ఊళ్లో బాగు చేయించండి. స్టెప్నీ లేకుండా పార్కులోకి వెళ్లడం మొండితనం.

పార్కు లోపల పోతే మాత్రం దిగొద్దు. గడ్డి లేని, చుట్టూ కనిపించే చోటు వరకు నడక వేగంతో లాగండి, రిమ్ము పోయినా ఫర్వాలేదు. ఫోను పనిచేస్తే క్యాంపుకు చెప్పండి, నంబరు ముందే రాసుకోవాలి. లేకపోతే మరో బండి వచ్చేదాకా ఆగండి. ప్రధాన దారుల్లో ఎవరో ఒకరు వస్తారు, వాళ్ల బండి పక్కన అడ్డం పెట్టించి, ఒకరు కాపలా చూస్తుండగా మార్చండి.

లోపల తిరగడం

పార్కులో గరిష్ఠ వేగం 60, కానీ 30-40లోనే జంతువులు కనిపిస్తాయి. ఒకౌకుయో నుంచి హలాలి క్యాంపు సుమారు 70 కిలోమీటర్లు, అక్కడి నుంచి నమూతోని క్యాంపు దాదాపు అంతే. మ్యాపు గంటన్నర అంటుంది, ఆగుతూ పోతే నాలుగు గంటలు పడుతుంది. ఒక రోజులో ఈ మూడూ చుట్టేయాలని చూడకండి. గేట్లు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే. జూలైలో సూర్యోదయం ఏడు దాటాకే, ఆ రోజు సమయాలు గేటు దగ్గర రాసి పెడతారు. మూసేలోపు క్యాంపులో లేకపోతే జరిమానా తప్పదు. ఒకౌకుయోలో రెండు రాత్రులు, హలాలిలో ఒకటి, నమూతోనిలో ఒకటి పెట్టుకుంటే పరుగు ఉండదు. ఈ క్యాంపులు ప్రభుత్వ సంస్థవి, సీజనుకు నెలల ముందే నిండిపోతాయి.

నీటిగుంట దగ్గర సూర్యుడు వీపు వైపు ఉండేలా బండి పెట్టి, ఇంజిన్ ఆపి, కనీసం 40 నిమిషాలు ఉండండి. ఏమీ లేదని పది నిమిషాలకు కదిలిపోతే వచ్చేవాటిని మీరే వదులుకున్నట్టు. జిరాఫీని గమనించండి. నీళ్ల ముందు నిలబడి చాలాసేపు చుట్టూ చూస్తుంది, ముందుకాళ్లు ఎడంగా చాపి తల సగం దించి మళ్లీ ఎత్తేస్తుంది. అది, దాని వెనక జీబ్రాలు, అన్నీ ఒకే వైపు చూస్తూ దగ్గరికి రాకపోతే అటు పొద చాటున సింహం ఉన్నట్టే, బైనాక్యులర్ అక్కడే పెట్టండి. నెబ్రౌనీ, ఒకొండెకా, చుడోప్ మంచి గుంటలు. ఎతోషాలో అడవి దున్నలు, నీటి ఏనుగులు లేవు, వాటికోసం వెతక్కండి.

మధ్యలో కంచె వేసిన మరుగుదొడ్లు తప్ప ఎక్కడా దిగొద్దు. ఏనుగుకు దారి వదలండి. చెవులు విప్పి తల విదిలిస్తే వెనక్కి పొమ్మని హెచ్చరిక. కణతల దగ్గర తడి చారలు కారుతుంటే మదంలో ఉన్న మగది, వంద మీటర్ల లోపు ఉండకూడదు. ఏనుగు దగ్గరికొస్తుంటే ఇంజిన్ ఆపొద్దు, హారన్ కొట్టొద్దు, మెల్లగా రివర్సులో వెళ్లండి. అందుకే వెనక బండికి, మీకు మధ్య ఎప్పుడూ తిరిగేంత చోటుండాలి. పిల్ల ఒక వైపు, తల్లి ఒక వైపు ఉన్నప్పుడు మధ్యలోకి అసలే పోవద్దు.

రాత్రి ఒకౌకుయో గుంట దగ్గర లైట్లుంటాయి, నల్ల ఖడ్గమృగాలు వస్తాయి. ఖడ్గమృగం ఫొటో పెట్టేటప్పుడు చోటు, తేదీ రాయకండి, ఫోనులో లొకేషన్ ఆపేయండి. వేటగాళ్లకు అదే కావాలి. టెంటు బయట చెప్పులు, చెత్త సంచీ వదిలితే నక్కలు ఎత్తుకెళ్తాయి. హలాలిలో హనీ బ్యాడ్జర్లనే చిన్న జంతువులు డబ్బా మూతలు కూడా తీస్తాయి. శాకాహారులు బియ్యం, పప్పు, చిన్న కుక్కరు, పొడులు పెట్టుకుంటే ఇబ్బంది లేదు, రెస్టారెంటులో మాంసమే ఎక్కువ.

తిరుగు దారిలో పశువుల వ్యాధుల చెక్‌పోస్టులు తగులుతాయి. ఉత్తరం నుంచి దక్షిణానికి పచ్చి మాంసం తేనివ్వరు, మిగిలింది ముందు రోజే వండేసుకోండి. దక్షిణాఫ్రికా ర్యాండు ఇక్కడ ఒకటికి ఒకటి చెల్లుతుంది కానీ నమీబియా డాలర్లు దేశం దాటితే మారవు, చివరి ట్యాంకు డీజిల్ వాటితోనే నింపించేయండి.