పెరట్లోకి డేగ వస్తోందా? కోడిపిల్లల్ని ఇలా కాపాడుకోండి, దాన్ని మాత్రం తరమొద్దు

ముందు వచ్చింది గద్దా డేగా అని చూసుకోండి, ఎందుకంటే రెండూ ఒకేలా వేటాడవు. గద్ద పెద్దది, తోక చివర చీలి ఉంటుంది, పైన గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. మన పెరళ్ళల్లోకి ఎక్కువగా వచ్చే చిన్న డేగ, అదే శిక్రా, పావురం అంత ఉంటుంది, వీపు బూడిద రంగు, పొట్ట మీద ఇటుక రంగు సన్న చారలు, కళ్ళు పసుపో ఎరుపో. ఇది ఆకుల మధ్య చప్పుడు లేకుండా కూర్చుని ఒక్కసారిగా కిందగా దూసుకొస్తుంది. పిచ్చుకలు, గోరింకలు ఒక్కసారే గప్‌చుప్ అయిపోయి ఉడుత మాత్రం ఆపకుండా అరుస్తుంటే అది దగ్గర్లోనే ఉందని అనుకోండి.

గద్ద పైనుంచి వస్తుంది కాబట్టి తల్లికోడి ముందే పసిగట్టి పిల్లల్ని రెక్కల కిందకి పిలుచుకుంటుంది, పక్కన పొదలు ఉన్నా చాలు అవి దూరిపోతాయి. డేగ అలా కాదు, కోడి చూసేలోపే పని అయిపోతుంది, అందుకే పిల్లలకి ఒళ్ళంతా ఈకలు వచ్చేదాకా, అంటే నెలన్నర పాటు, మీరు పక్కన లేనప్పుడు గంప కిందే ఉంచండి, గంప మీద రాయి పెట్టడం మర్చిపోకండి. ఎక్కువ పిల్లలుంటే వల కట్టుకోవచ్చు కానీ బిగించి కట్టాలి, వదులుగా వేలాడే పాత చేపల వలలో పిట్టలూ పాములూ చిక్కుకుని చచ్చిపోతాయి, అది చూడలేం. పసుల పోలిగాడు, అదే చీలిన తోక ఉండే చిన్న నల్ల పిట్ట, దగ్గర్లో గూడు కట్టుకుంటే మీ అదృష్టమే, గద్దనైనా తల మీద పొడిచి తరిమేస్తుంది.

నిజానికి డేగ రోజూ తినేది తొండలు, బల్లులు, ఎలుకలు, చిన్న పిట్టలు. పిట్టలకి గింజలు వేసేవాళ్ళు అది రోజూ అక్కడే కాపు కాస్తుంటే ఓ వారం వేయడం ఆపండి, వేరే చోటు చూసుకుంటుంది. ఎలుకల మందు మాత్రం దయచేసి పెట్టకండి, మందు తిని తూలుతున్న ఎలుకని డేగ ఈజీగా పట్టేస్తుంది, ఆ విషం దీనికీ ఎక్కుతుంది. వడిసెల, ఎయిర్ గన్ అస్సలు వద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం డేగని చంపినా పట్టినా నేరం.

డేగ కిటికీ అద్దానికి గుద్దుకునో మాంజా చుట్టుకునో కింద పడితే మందపాటి గుడ్డ కప్పి, గోళ్ళకి దూరంగా పట్టుకుని, చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో చీకట్లో ఉంచి ఫారెస్ట్ వాళ్ళకి ఫోన్ చేయండి, నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఎండాకాలంలో మామిడి చెట్టు మీద డేగ కట్టిన పుల్లల గూడు కనిపిస్తే గుడ్లు పెట్టి పిల్లలు ఎగిరేదాకా దాదాపు 2 నెలలు పడుతుంది, కాయలు కోసేటప్పుడు ఆ కొమ్మ జోలికి పోకండి, ఆ నాలుగు కాయలు చెట్టు మీదే పండనివ్వండి.