పాత రైలు బొమ్మ పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోవడం ఎలా

విజయనగరంలో పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర ఏది పట్టుకున్నా అది కోటలోదే. ఇత్తడి చెంబయినా, కాలు విరిగిన కుర్చీ అయినా రాజావారిదే. గంటస్తంభం దగ్గర 30 ఏళ్లుగా గడియారాలు బాగుచేస్తున్నాను, ఈ మాట వినని వారం లేదు. పోయిన ఏడాది సిరిమాను పండక్కి ముందు ఒక తోపుడుబండి మీద కీ ఇచ్చి తిప్పే రేకు ఇంజను, దాని వెనక ఒక పెట్టె కనిపించాయి. "రాజావారి పిల్లలు ఆడుకున్నది బాబూ" అని ఆరొందలు చెప్పి నాలుగొందలకు ఇచ్చాడు. అది ఎక్కడిదో తేల్చడానికి నాకు నెల పట్టింది. మీకు అంత పట్టక్కర్లేదు.

ముందుగా, తెచ్చిన వెంటనే తోమకండి. నేను మురికి పోతుందని థిన్నర్ గుడ్డతో ఒక మూల రుద్దాను, గుడ్డ ఎర్రగా అయింది. రంగుతో పాటు తయారుచేసినవాడి ముద్ర కూడా పోతుంది. పొడి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు.

తర్వాత అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనప రేకు. అంటుకోకుండా బరువుగా ఉంటే జింకు పోత కావచ్చు. అందులో సీసం లాంటివి కలిసి ఉంటే ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే పగుళ్లిస్తుంది, గట్టిగా నొక్కకండి.

పట్టాలు దొరకవు కాబట్టి చక్రాల మధ్య లోపలి దూరం స్కేలుతో కొలవండి. పట్టాల మధ్య దూరం, అంటే గేజి, దానికంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. పాత రేకు బొమ్మల్లో ఎక్కువగా కనిపించే 'ఓ' (O) గేజికి అది 32 మి.మీ., 'హెచ్ఓ' (HO) గేజికి 16.5, 'ఎన్' (N) గేజికి 9. నాది లోపల 28 వచ్చింది, అంటే 'ఓ' గేజి.

ఇంజను పక్కన ఎల్.ఎం.ఎస్. అని అక్షరాలున్నాయి. రైల్వేలో రిటైరైన మిత్రుడికి చూపిస్తే, "ఇది మన బి.ఎన్.ఆర్. కాదు, ఇంగ్లండు కంపెనీ" అన్నాడు. బి.ఎన్.ఆర్. అంటే ఒకప్పుడు మన వైపు నడిచిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. నిజమే. లండన్ మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్ రైల్వే 1923లో మొదలై 1948లో బ్రిటిష్ రైల్వేస్‌లో కలిసిపోయింది. ఇంకేం, ఇది ఇంగ్లండులో చేసిందే అని పదిమందికి చెప్పేశాను. తప్పు అక్కడే జరిగింది. బొమ్మ మీది రైల్వే పేరు ఏ రైలుని చూసి చేశారో చెబుతుంది గానీ ఎవరు చేశారో చెప్పదు.

ఎవరు చేశారో తెలియాలంటే లెన్సు కావాలి. నేను వాచీల పనికి వాడే కంటి లెన్సుతోనే చూశాను. అడుగున, డ్రైవరు గది గోడల మీద, వెనక పలక మీద వెతకండి. నా ఇంజను వెనక మినప గింజంత బీ డబ్ల్యూ ముద్ర కనబడింది. అది జర్మనీలో న్యూరెంబర్గ్‌కు చెందిన బింగ్ కంపెనీది. అంతకుముందు వాళ్లు జీ బీ ఎన్ అని వేసేవారు. ఇంగ్లండులో అమ్మడానికి అక్కడి రైల్వేల పేర్లతోనే బొమ్మలు చేసేవారు. 1930ల మొదట్లో మూతపడ్డారు. కాబట్టి నా ఇంజను 1923కి ముందుదీ కాదు, వాళ్లు మూతపడ్డ తర్వాతదీ కాదు. పదేళ్ల లోపుకి వచ్చేశాం!

మీ బొమ్మ మీద లివర్‌పూల్ మెకానో అని ఉంటే అది ఆ ఇంగ్లండు కంపెనీ హార్న్‌బీ పేరుతో చేసిన రైలు. "ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక జపాన్ పరాయి సైన్యం అధీనంలో ఉన్నప్పటిది, 1952 లోపు. అట్టపెట్టె మన దేశానిదైతే ఇంకా సులువు: అడ్రసులో పిన్ కోడ్ ఉంటే 1972 తర్వాతది, ధర అణాల్లో ఉంటే దాదాపుగా 1957కి ముందుది.

ఇంజను వెనకున్న రైలు పెట్టె సంగతి వేరు. దాని కొక్కెం ఇంజనుకి పట్టదు, ఎవరో రాగి తీగతో కట్టారు. టార్చి వేసి లోపల చూస్తే రేకు మీద తలకిందులుగా ఏదో పళ్ల బొమ్మ! యుద్ధం తర్వాత జపాన్‌లో వాడేసిన డబ్బా రేకులతో బొమ్మలు చేశారు. అడుగున జపాన్ అనే ఉంది. అంటే ఈ రెండూ ఏదో ఇంట్లో కలిశాయి, ఇంజను తయారైన చాలా ఏళ్లకి.

అమ్మినవాణ్ణి ఆఖర్న అడగండి. "ఎవరిది?" అంటే కథ చెబుతాడు. "దీంతోపాటు ఇంకేం వచ్చాయి?" అని అడగాలి. "ఏటుంది బాబూ, ఒక ట్రంకు పెట్టి, రెండు కంబళ్లు, బి.ఎన్.ఆర్. ముద్రున్న లాంతరు" అన్నాడు. కంటోన్మెంటులో ఒక ఇల్లు, ఆ ఇంటి పెద్దాయన ఖరగ్‌పూర్ రైల్వేలో చేసి వచ్చాడట. మన వైపు నుంచి ఖరగ్‌పూర్ వెళ్లినవాళ్లు ఎందరో కాబట్టి నమ్మొచ్చు. వెళ్లిపోతున్న ఏ దొర దగ్గరో ఇంజను కొని ఉంటాడని నా అనుమానం. దీన్ని మాత్రం నా నోట్‌బుక్కులో పెన్సిలుతో రాశాను, బింగ్ సంగతి ఇంకుతో.

కీ ఇచ్చేటప్పుడు సగానికి మించి తిప్పకండి, పాత స్ప్రింగు తెగితే అంతే.

మొన్న బండివాడు కొట్టు ముందు ఆగి, "ఏటి బాబూ, తేలిందా? కోటలోదేనా?" అన్నాడు.