సైగలా, బటన్లా: ఫోన్‌ను మీ చేతికి తగినట్లు అమర్చుకోవడం

2017లో వచ్చిన ఐఫోన్ టెన్ హోమ్ బటన్‌ను తొలగించి, తెర అడుగు నుంచి వేలిని పైకి జరిపే పద్ధతిని తెచ్చింది. 2019లో ఆండ్రాయిడ్ 10 కూడా పూర్తి సైగల పద్ధతిని అందించింది. అయితే ఆండ్రాయిడ్‌లో వెనక్కి, హోమ్, ఇటీవలి యాప్‌లు అనే మూడు బటన్లను తెర మీదికి తిరిగి తెచ్చుకోవచ్చు.

ఈ ఎంపిక ఉండే చోటు కంపెనీని బట్టి మారుతుంది కనుక, సెట్టింగ్స్‌లోని సెర్చ్ గడిలో ‘నావిగేషన్’ అని వెతకడం సులువైన దారి. శాంసంగ్ ఫోన్లలో ఇది డిస్‌ప్లే విభాగంలో, నావిగేషన్ బార్ కింద కనిపిస్తుంది.

సైగలనే ఎంచుకున్నవారికి ఎదురయ్యే అసలు చిక్కు వెనక్కి వెళ్లే సైగతోనే, అంటే తెర ఎడమ లేదా కుడి అంచు నుంచి వేలిని లోపలికి జరపడంతోనే. యాప్‌లో ఎడమ అంచున దాగిన మెనూను లాగబోతే, ఫోన్ దానిని ‘వెనక్కి’ అని అర్థం చేసుకుని పేజీనే మూసివేస్తుంది. అప్పుడు, రెండు వైపులను విడివిడిగా మార్చే వీలున్న ఫోన్లలో, నావిగేషన్ ఎంపిక పక్కనే ఉండే సెన్సిటివిటీని (అంచు సైగకు ఫోన్ ఎంత తేలికగా స్పందించాలనే అమరికను) ఎడమ వైపు తగ్గించి, కుడి వైపు అలాగే ఉంచండి. వెనక్కి వెళ్లడానికి కుడి అంచు చాలు. ఇటీవలి యాప్‌లు కావాలంటే, వేలిని అడుగు నుంచి పైకి జరిపి క్షణం ఆపాలి. ఆపకపోతే హోమ్ తెర వస్తుంది.

పెద్దవారి ఫోన్‌లో మాత్రం, వారు అడగకుండా సైగలు పెట్టకపోవడమే మర్యాద అని నా అభిప్రాయం. ఇక తడి చేతులతో తెర సరిగా స్పందించనప్పుడు పక్కనున్న బటన్లే ఆదుకుంటాయి: మోగుతున్న ఫోన్‌ను వాల్యూమ్ బటన్ నొక్కి నిశ్శబ్దం చేయవచ్చు.