ఫ్రెంచ్ పిక్నిక్ బుట్ట: చెడిన వంటకాలకు కారణాలు, పరిష్కారాలు

ఫ్రాన్స్‌లో వేసవి ఆదివారం నాడు సీన్ నది గట్టున గాని, ఊరి బయట చెట్ల నీడన గాని దుప్పటి పరచుకుని తినే భోజనంలో అక్కడికక్కడ వండేది ఏదీ ఉండదు. రొట్టె, చీజ్, ఇంటి నుంచి తెచ్చిన కీష్ (గుడ్లు, క్రీమ్ పోసి కాల్చిన పేస్ట్రీ), రెండు మూడు రకాల సలాడ్లు, పండ్లు, వీటన్నిటినీ చల్లగానో గోరువెచ్చగానో తింటారు. అందువల్ల ఈ భోజనం చేయి తిరగక చెడేది తక్కువ, వేళ తప్పి చెడేది ఎక్కువ. ముందురోజు రాత్రే చేసి ఉంచవలసినదాన్ని బయలుదేరే హడావిడిలో చేయడం, తినే ముందు కలపవలసినదాన్ని రాత్రే కలిపి పెట్టడం, కింద చెప్పిన చిక్కుల్లో చాలావాటికి మూలం.

బగెట్ రబ్బరులా సాగుతోంది, లేదా కర్రలా గట్టిపడింది

బగెట్ అంటే పొడవాటి, సన్నని ఫ్రెంచ్ రొట్టె. దాని ఈ రెండు లోపాలకూ కారణాలు వేరు. రొట్టెను ప్లాస్టిక్ సంచిలో చుట్టినప్పుడు, లోపలి మెత్తని భాగంలోని తేమ బయటికి పోయే దారి లేక, కరకరలాడవలసిన పైపెచ్చులో చేరుతుంది. అందుకే అది సాగుతుంది. గట్టిపడటానికి కారణం కాలం. బగెట్‌లో పిండి, నీరు, ఉప్పు, ఈస్ట్ తప్ప వెన్న గాని నూనె గాని ఉండవు, పైగా సన్నగా ఉంటుంది కనుక త్వరగా ఆరిపోతుంది. పాడవుతుందేమోనని ఫ్రిజ్‌లో పెడితే మరీ నష్టం, ఎందుకంటే ఆ చల్లదనంలో పిండిపదార్థం బయటికన్నా వేగంగా బిరుసెక్కుతుంది.

బయలుదేరే రోజు ఉదయమే కొని, దుకాణదారు ఇచ్చిన కాగితపు సంచిలోనే ఉంచి తీసుకువెళ్లడం సరైన పద్ధతి. కొనేటప్పుడు ‘ట్రాడిసియోన్’ అని అడగండి. 1993 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఆ రకం రొట్టెను తయారీలో ఏ దశలోనూ గడ్డకట్టించకూడదు, అందులో సంకలిత పదార్థాలు కలపకూడదు. బగెట్ తయారీ నైపుణ్యానికి 2022లో యునెస్కో గుర్తింపు లభించింది, కానీ ఎంత నైపుణ్యంతో చేసినా అది ఒక్క పూట రొట్టె. ముందురోజే కొనక తప్పనప్పుడు, సహజంగా పులియబెట్టిన పిండితో చేసే పెద్ద పల్లె రొట్టెను తీసుకోండి. అది రెండు మూడు రోజులు నిలుస్తుంది. గట్టిపడిన బగెట్ ఇంట్లోనే ఉంటే, పైపెచ్చును నీటితో తడిపి 180 డిగ్రీల ఓవెన్‌లో ఐదు నిమిషాలు ఉంచితే మళ్లీ తినదగ్గదవుతుంది, అయితే గంట లోపల తినేయాలి.

కీష్ అడుగు తడిసి, కోస్తే విరిగిపోతోంది

లొరేన్ ప్రాంతపు కీష్ అంటే వెన్న కలిపిన మైదా పేస్ట్రీలో గుడ్లు, క్రీమ్, పంది మాంసపు సన్న ముక్కలు వేసి కాల్చినది. పాత పద్ధతిలో అందులో చీజ్ వేయరు. అడుగు తడవడానికి మూడు కారణాలు ఉంటాయి: పచ్చి పేస్ట్రీలోనే గుడ్ల మిశ్రమం పోయడం, వేయించిన మాంసం నుంచి కొవ్వు వార్చకపోవడం, వేడి తగ్గకుండానే మూత పెట్టడం. మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. వేడి కీష్‌ను డబ్బాలో మూసిపెడితే ఆవిరి నీరై మళ్లీ దాని మీదే పడుతుంది.

పేస్ట్రీని పళ్లెంలో పరచి, దాని మీద కాగితం వేసి, కాగితం నిండా ఎండు శనగలో, రాజ్మాలో పోసి 180 డిగ్రీల వద్ద పదిహేను నిమిషాలు కాల్చండి. తరువాత గింజలు తీసివేసి, లోపలివైపు గుడ్డు తెల్లసొన పల్చగా పూసి మరో ఐదు నిమిషాలు కాలిస్తే తడి దిగని పొర ఏర్పడుతుంది. 24 సెంటీమీటర్ల పళ్లానికి మూడు గుడ్లు, 300 మిల్లీలీటర్ల క్రీమ్ సరిపోతాయి. నడిమి భాగం కొద్దిగా వణుకుతూ ఉండగానే ఓవెన్ నుంచి తీయండి, ఎందుకంటే పూర్తిగా బిగిసేదాకా కాలిస్తే గుడ్లు విరిగి నీరు వదులుతాయి. జాలీ మీద పూర్తిగా చల్లార్చి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే, ఉదయం కత్తికి శుభ్రంగా తెగుతుంది. వేడివేడి కీష్ తీసుకువెళ్లాలన్న ఆశను వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

పాన్ బాన్యా పొడిగా ఉంది, ముక్కలు జారిపోతున్నాయి

నీస్ నగరపు ఈ గుండ్రటి రొట్టె పేరుకే ‘తడిపిన రొట్టె’ అని అర్థం. టమాటా, ముల్లంగి, ఉల్లికాడలు, ఉడికిన గుడ్డు, నల్ల ఆలివ్‌లు, ట్యూనా లేదా ఆంచోవీ చేపలు, తులసి జాతికే చెందిన బాసిల్ ఆకులు అందులో ఉంటాయి. అప్పటికప్పుడు చేసి తింటే పొడిగానే ఉంటుంది. రొట్టె లోపలివైపు వెల్లుల్లి రుద్ది, ఆలివ్ నూనె ధారాళంగా పోసి, అన్నీ పేర్చాక గట్టిగా చుట్టి, పైన బరువు పెట్టి కనీసం గంట ఉంచాలి. టమాటా రసం, నూనె రొట్టెలోకి ఇంకి ముక్కలన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి. లెట్యూస్, మయోనీస్ వేయకండి. అవి నీస్ సంప్రదాయంలో లేవు, పైగా లెట్యూస్ బరువు కింద నలిగి నీరు కారుతుంది.

సలాడ్ వాడిపోయింది, పప్పు సలాడ్ ముద్దయింది

ఉప్పు, వెనిగర్ తగిలిన ఆకు కొద్దిసేపట్లోనే నీరు వదిలి వాలిపోతుంది. ఒక పాలు వెనిగర్, మూడు పాళ్ల నూనె, ఒక చెంచా దిజాన్ ఆవ ముద్ద చిన్న సీసాలో వేసి విడిగా తీసుకువెళ్లి, తినే ముందు సీసాను కుదిపి ఆకుల మీద పోయండి. తురిమిన సెలరీ దుంపను ఆవ ముద్ద కలిపిన మయోనీస్‌తో కలిపే రెమూలాద్ సంగతి వేరు, అది రాత్రంతా ఊరితేనే మెత్తబడి రుచిగా ఉంటుంది.

ప్యూయి ప్రాంతపు ఆకుపచ్చ కాయధాన్యం, అంటే మన మసూర్ జాతికి చెందిన చిన్న గింజ, ఈ బుట్టలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 1996లో దానికి ప్రాంతీయ మూలాన్ని ధ్రువీకరించే గుర్తింపు దక్కింది. పప్పు అనగానే కుక్కర్ పెట్టడం మనకు అలవాటు, కాని కూతలు వచ్చేసరికి గింజ చితికి పప్పుకూరకు తప్ప పనికిరాదు. నానబెట్టకుండా, చన్నీళ్లలో వేసి, సన్నని సెగ మీద ఇరవై నుంచి ఇరవై ఐదు నిమిషాలు మూకుడులో ఉడికించి, గింజ పలుకుగా ఉండగానే వార్చి, వేడి మీదే వెనిగర్, నూనె, సన్నగా తరిగిన ఉల్లి కలపండి. వేడి గింజ రుచిని పీల్చుకుంటుంది. చల్లారాక కలిపితే నూనె పైపైనే ఉండిపోతుంది.

చీజ్ కారిపోతోంది, లేదా రుచి తెలియడం లేదు

బాగా మాగిన కామంబేర్ అనే మెత్తని చీజ్ జూలై ఎండలో తప్పక కారుతుంది, దాన్ని చెక్క డబ్బాతో సహా ఐస్ బాక్స్‌లో ఉంచాలి. కనీసం నాలుగు నెలలు మాగబెట్టిన కోంతె వంటి గట్టి చీజ్ ప్రయాణాన్ని మెరుగ్గా తట్టుకుంటుంది. రుచి తెలియకపోవడానికి కారణం అతి చల్లదనం, కనుక తినడానికి అరగంట ముందు బయటికి తీయండి.

శాకాహార అతిథికి తినడానికి ఏమీ మిగల్లేదు

ఫ్రాన్స్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది తరచుగా ఎదురయ్యే ఇబ్బంది. ఆలివ్ ముద్ద తపెనాద్‌లో ఆంచోవీ చేపలు ఉంటాయని, సంప్రదాయ కామంబేర్, కోంతెల పాలను దూడ కడుపు నుంచి తీసే రెనెట్‌తో గడ్డకట్టిస్తారని చాలామందికి తెలియదు. గుడ్డు తినేవారికి లీక్ అనే ఉల్లి జాతి కాడలతో చేసే పికార్డీ ప్రాంతపు టార్ట్ ఫ్లమీష్ బాగుంటుంది. గుడ్డు కూడా తిననివారికి పైన చెప్పిన పప్పు సలాడ్, ఆవ ముద్ద కలిపిన బంగాళాదుంప సలాడ్, రాత్రే వండి చల్లార్చిన రతతూయ్ అనే కూరగాయల కూర చేయండి. ముందుగా అడిగి తెలుసుకుని వారి డబ్బాలను విడిగా కట్టడం మర్యాద.

కడుపులో తేడా చేసింది

గుడ్లు, క్రీమ్, మాంసం ఉన్న వంటకాలు చల్లదనం తప్పి రెండు గంటలు దాటితే ప్రమాదం. 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటే గడువు. పచ్చి గుడ్డుతో ఇంట్లో చేసిన మయోనీస్ బదులు కొన్నది వాడండి. పచ్చి పాల చీజ్‌ను గర్భిణులకు పెట్టకండి. చల్లని గాలి కిందికి దిగుతుంది కనుక ఐస్ ప్యాక్‌లను బాక్స్ అడుగునే కాక పైన కూడా సర్దండి. నీళ్ల సీసాల కోసం పదేపదే మూత తీస్తుంటే లోపలి చల్లదనం నిలవదు, వాటికి వేరే సంచి పెట్టుకోండి.