క్లినికల్ సైకాలజీ ఫ్యాకల్టీని తీసుకునే ముందు జాగ్రత్తలు

• సైకాలజీలో పీహెచ్‌డీ ఉన్నంత మాత్రాన క్లినికల్ సైకాలజిస్టు అయిపోరు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) చట్టం (1992) ప్రకారం సెంట్రల్ రిహాబిలిటేషన్ రిజిస్టర్‌లో పేరుండాలి. ఆ రిజిస్ట్రేషన్ నంబరు మీరే సరిచూసుకోండి, జిరాక్స్ కాపీని నమ్మొద్దు.

• ప్రభుత్వ యూనివర్సిటీ అయితే రోస్టర్ పాయింట్లు (ఏ పోస్టు ఏ రిజర్వేషన్ వర్గానికి అన్న లెక్క) నోటిఫికేషన్‌కు ముందే తేల్చుకోండి. తర్వాత కోర్టు చుట్టూ తిరిగే టెన్షన్ ఎందుకు?

• ఇంటర్వ్యూలో "భిన్న సంస్కృతుల మీద ఆసక్తి ఉందా?" అని అడగడం దండగ. ఎవరు మాత్రం లేదంటారు? దానికి బదులు ఒక కేసు ఇవ్వండి: ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు నుంచి వచ్చిన గోండు గిరిజన కోడలు, తెలుగు అంతంతమాత్రం, పూనకం వస్తోందని అత్త చెబుతోంది. అభ్యర్థి అత్తనే దుబాసీగా కూర్చోబెడతారా? పూనకాన్ని వెంటనే జబ్బు అనేస్తారా? తెలుగు రాని మనిషికి తెలుగు ప్రశ్నావళి ఇస్తారా? అసలు విషయం ఇక్కడ బయటపడుతుంది.

• ఇంటర్వ్యూ బోర్డులో అందరూ ఒకే వర్గంవాళ్లు కాకుండా చూడండి.

• పెళ్లి, పిల్లల ప్రశ్నలు వద్దు.