విదేశీ కుర్రాళ్లతో ఎన్‌బీఏ జట్టు కట్టడం ఎలా?

ఎన్‌బీఏ అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్. దాని జట్లు ఏటా వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే కార్యక్రమమే డ్రాఫ్ట్. 1999 జూన్ 30న జరిగిన డ్రాఫ్ట్‌లో మొత్తం 58 మందిని ఎంచుకున్నారు. చివరి నుంచి రెండో పేరు మను జినోబిలి. అర్జెంటీనా కుర్రాడు, 21 ఏళ్లు, ఇటలీలో ఆడుతున్నాడు. అతన్ని తీసుకున్న శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టు వెంటనే రమ్మనలేదు, మూడేళ్లు అక్కడే ఉండనిచ్చింది. ఆ మూడేళ్లలో అతను బొలోన్యా జట్టుతో యూరప్ క్లబ్‌ల పెద్ద పోటీ అయిన యూరోలీగ్‌ని 2001లో గెలిచాడు. 2002లో అమెరికా వచ్చాడు. వచ్చిన మొదటి సీజన్‌లోనే స్పర్స్ టైటిల్ కొట్టింది, ఆ తర్వాత అతను ఉండగానే ఇంకో మూడు.

జట్టు కట్టడం గురించి ఎవరు అడిగినా నేను ఈ కథతోనే మొదలుపెడతాను. స్నేహితులతో మాక్ డ్రాఫ్ట్ (సరదా ఉత్తుత్తి డ్రాఫ్ట్) ఆడేవాళ్లయినా, వీడియో గేమ్‌లో జట్టు నడిపేవాళ్లయినా "ఎవర్ని తీసుకోవాలి?" అని తలలు పట్టుకుంటారు. విదేశీ కుర్రాళ్ల విషయంలో దానికంటే పెద్ద ప్రశ్నలు రెండున్నాయి: ఎప్పుడు రప్పించాలి? వచ్చాక ఎన్ని నిమిషాలు ఆడించగలం?

ముందు మీ జట్టులో చోటు చూసుకోండి

ఎన్‌బీఏ జట్టులో 15 మందికి పూర్తి కాంట్రాక్టులు, ఇంకో ముగ్గురికి టూ-వే కాంట్రాక్టులు ఇవ్వొచ్చు. టూ-వే వాళ్లు ఎక్కువ కాలం కింది స్థాయి జీ లీగ్‌లో ఆడుతూ, పిలిచినప్పుడు పైకి వస్తారు. పేరుకి 15 మంది ఉన్నా రోజూ ఆడేది ఎనిమిది, తొమ్మిది మందే. అందుకని ఒక కాగితం మీద మూడు వరుసలు గీయండి: ఈ ఏడాది ఆడేవాళ్లు, రెండేళ్లలో ఆడతారనుకునేవాళ్లు, కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయేవాళ్లు. యూరప్ నుంచి వచ్చే 19 ఏళ్ల కుర్రాడు దాదాపు ఎప్పుడూ రెండో వరుసలోకే వస్తాడు. ఆ వరుస ఇప్పటికే నిండిపోయి ఉంటే, ఎంత మంచి పేరు కనిపించినా ఆగి ఆలోచించండి.

డబ్బు లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. మొదటి రౌండ్‌లో ఎంచుకున్న ఆటగాడి జీతానికి అతన్ని ఎన్నో స్థానంలో ఎంచుకున్నారో దాన్ని బట్టి స్కేల్ ఉంటుంది. మొదటి రెండేళ్లు గ్యారంటీ, మూడో ఏడాది, నాలుగో ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది క్లబ్ ఇష్టం. రెండో రౌండ్‌లో అలాంటి స్కేల్ లేదు.

ఎవరు దొరుకుతారో తెలుసుకోండి

విదేశీ ఆటగాడు 22 ఏళ్లు నిండే సంవత్సరంలో దానంతటదే అర్హుడవుతాడు. 19 నిండే సంవత్సరం నుంచి తనంతట తాను పేరు ఇచ్చుకోవచ్చు. డ్రాఫ్ట్‌కి పది రోజుల ముందు వరకు పేరు వెనక్కి తీసుకోవచ్చు కూడా. కాబట్టి ఏప్రిల్‌లో మీరు రాసుకున్న జాబితా జూన్‌లో సగానికి తగ్గినా కంగారు పడకండి.

వెతకాల్సిన చోట్లు: యూరోలీగ్, స్పెయిన్ లీగ్, ఫ్రాన్స్ లీగ్, సెర్బియా చుట్టుపక్కల దేశాలు ఆడే అడ్రియాటిక్ లీగ్, ఆస్ట్రేలియా ఎన్‌బీఎల్. బెల్‌గ్రేడ్‌లోని మెగా క్లబ్ మీద ప్రత్యేకంగా కన్నేసి ఉంచండి, కుర్రాళ్లకి ఆడే నిమిషాలు ఇవ్వడమే వాళ్ల పద్ధతి. తర్వాత డెన్వర్ జట్టుకి ఆడిన సెర్బియా సెంటర్ నికోలా యోకిచ్ అక్కడివాడే. అలాగని పెద్ద లీగ్‌ల దగ్గరే ఆగిపోవద్దు. 2013లో మిల్వాకీ జట్టు 15వ స్థానంలో తీసుకున్న యానిస్ ఆంటెటొకూంపో అంతకుముందు ఆడింది గ్రీస్ రెండో డివిజన్‌లో.

ఒకే మ్యాచ్‌ని రెండుసార్లు చూడండి

నా దృష్టిలో అసలు పని ఇదే, దీనికే ఎక్కువ టైమ్ ఇవ్వాలి.

అంకెలు చూసి మోసపోవడం తేలిక. అంతర్జాతీయ నిబంధనల్లో మ్యాచ్ 40 నిమిషాలు, ఎన్‌బీఏలో 48. పైగా యూరప్ కోచ్‌లు కుర్రాడికి 14 నిమిషాలు ఇస్తే గొప్ప. ఆ 14 నిమిషాల్లో 6 పాయింట్లు చేశాడంటే, 36 నిమిషాలకి లెక్కేస్తే 15 దాటుతాయి. లెక్క వేయండి కానీ దాన్నే నమ్ముకోవద్దు, ఎందుకంటే ఆ 14 నిమిషాల్లో ఎదురుగా ఉన్నది అవతలి జట్టు బెంచీ ఆటగాళ్లు కావచ్చు.

మూడు పాయింట్ల గీత అక్కడ 6.75 మీటర్లు, ఎన్‌బీఏలో 7.24 మీటర్లు. షూటర్ అనుకున్న కుర్రాడు గీతని ఆనుకుని వేస్తున్నాడా, అడుగు వెనక నుంచి కూడా వేయగలుగుతున్నాడా చూడండి. ఇంకో తేడా పొడుగు ఆటగాళ్ల దగ్గర బయటపడుతుంది. అంతర్జాతీయ ఆటలో డిఫెన్స్ చేసే సెంటర్ (బుట్ట దగ్గర ఆడే పొడుగు ఆటగాడు) బుట్ట ముందు ఎంతసేపైనా కాపలా నిలబడొచ్చు. ఎన్‌బీఏలో ప్రత్యర్థి ఎవరికీ అడ్డు నిలవకుండా అక్కడ మూడు సెకన్ల కంటే ఎక్కువ ఉంటే తప్పు. యూరప్‌లో కొండలా కనిపించినవాడు ఎన్‌బీఏలో బయటికి లాగబడి, చురుకైన గార్డ్ ముందు కాళ్లు కదలక నిలబడిపోతాడు.

అందుకే మొదటిసారి మామూలుగా బంతిని చూడండి. రెండోసారి బంతిని వదిలేసి ఆ కుర్రాడినే చూడండి. బంతి తన దగ్గర లేనప్పుడు తల ఎటు తిప్పుతున్నాడు? సహచరుడిని ప్రత్యర్థి దాటేస్తే సాయానికి ఒక అడుగు ముందే వేశాడా, ఆలస్యంగా వేశాడా? నా నోట్‌బుక్‌లో ప్రతి మ్యాచ్‌కీ తప్పకుండా రాసే లైన్ ఒకటుంది: బంతి పోగొట్టుకున్న తర్వాతి ఐదు సెకన్లలో ఏం చేశాడు? చేతులు ఊపుతూ రిఫరీ వైపు తిరిగాడా, వెనక్కి పరిగెత్తాడా? పరిగెత్తేవాడి పేరు పక్కన చుక్క పెడతాను.

యోకిచ్‌ని ఎగిరే ఎత్తుతో కొలిస్తే ఎవరూ తీసుకోరు. 2014లో డెన్వర్‌కి అతను 41వ స్థానంలో దొరకడానికి కారణం అదే. అతని గొప్పతనమంతా బంతి చేతికి రాకముందే పాస్ ఎటో నిర్ణయించుకోవడంలో ఉంది, అది టేప్‌లో నిదానంగా చూస్తేనే కనబడుతుంది.

వస్తాడా, ఎప్పుడు వస్తాడు? అడగండి

యూరప్ క్లబ్‌తో కాంట్రాక్టు ఉన్నవాడిని విడిపించాలంటే బైఅవుట్ (కాంట్రాక్టు మధ్యలో వదిలినందుకు ఆ క్లబ్‌కి ఇచ్చే పరిహారం) కట్టాలి. ఎన్‌బీఏ క్లబ్ అందులో పరిమితంగానే పెట్టగలదు, మిగతాది ఆటగాడి జేబులోంచే పోతుంది. 2009లో మిన్నెసోటా ఐదో స్థానంలో తీసుకున్న రికీ రూబియో బైఅవుట్ భారం వల్ల వెంటనే రాలేకపోయాడు. బార్సిలోనాకి మారి, 2011లో వచ్చాడు. 2005లో ఓర్లాండో 11వ స్థానంలో తీసుకున్న ఫ్రాన్ వాస్కెజ్ అయితే స్పెయిన్‌లోనే ఉండిపోయాడు, అసలు రాలేదు. ఒక మంచి పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే వంతు) అలా పోతే ఆ లోటు ఏళ్ల తరబడి పూడదు. పేరు మీ ఎంపికల బోర్డు మీద రాసేముందే ఏజెంట్‌తో తేల్చుకోవాలి.

మాగేయాలా, వెంటనే కోయాలా?

ఊరగాయకి కోసే కాయ వేరు, గడ్డిలో మాగేసే కాయ వేరు. ఎంచుకున్న ఆటగాడు విదేశంలోనే ఆడుతుంటే హక్కులు మీ దగ్గరే ఉంటాయి, ఆ 15 మంది లెక్కలోకి రాడు. జినోబిలి అలా మాగినవాడే. యోకిచ్ కూడా డ్రాఫ్ట్ తర్వాత ఇంకో ఏడాది మెగాలోనే ఆడి, అడ్రియాటిక్ లీగ్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాకే 2015లో డెన్వర్ వచ్చాడు.

వెంటనే తెస్తే మాత్రం ఆడించాలి. 2003లో డెట్రాయిట్ రెండో స్థానంలో డార్కో మిలిచిచ్‌ని తీసుకుంది. వెనకే కార్మెలో ఆంటొనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్ ఉన్నారు. డెట్రాయిట్ ఆ సీజన్‌లోనే టైటిల్ గెలిచింది. గెలుస్తున్న జట్టులో 18 ఏళ్ల కుర్రాడికి నిమిషాలు ఎక్కడినుంచి వస్తాయి? దాదాపు అంతా బెంచీ మీదే గడిచింది. అదే యానిస్ వచ్చిన మొదటి సీజన్‌లో మిల్వాకీ గెలిచింది 82లో 15 మ్యాచ్‌లే. ఆ ఓటముల మధ్యే అతనికి మ్యాచ్‌కి దాదాపు 25 నిమిషాలు దొరికాయి. డార్కోకి ప్రతిభ లేదని చాలామంది తేల్చేస్తారు, నాకు ఆ మాట అన్యాయం అనిపిస్తుంది. ఆ వయసులో అతనికి కావాల్సింది తప్పులు చేసే అవకాశం, అది ఆ జట్టులో లేదు.

ఒకే చోటికి ఇద్దర్ని తెచ్చుకుంటే

2014 డ్రాఫ్ట్ రాత్రే డెన్వర్‌కి యోకిచ్‌తో పాటు బోస్నియా సెంటర్ యూసుఫ్ నుర్కిచ్ కూడా చేరాడు. ఇద్దరూ ప్రతిభావంతులే, ఇద్దరిదీ సెంటర్ స్థానమే. పక్కపక్కన నిలబెట్టి చూస్తే కోర్టు ఇరుకైపోయింది. 2016 డిసెంబర్‌లో కోచ్ మైక్ మలోన్ యోకిచ్‌నే సెంటర్‌గా స్థిరపరిచాడు, రెండు నెలలకి నుర్కిచ్ పోర్ట్‌లాండ్ వెళ్లిపోయాడు. 2023లో డెన్వర్ మొదటి టైటిల్ గెలిచింది. ఇద్దరిలో ఎవరో ముందే తెలియనప్పుడు ఇద్దర్నీ తీసుకోవడం తప్పు కాదు. తేలిపోయాక కూడా నాన్చడమే తప్పు.

రెండో రౌండ్ పిక్‌లలో చాలామంది ఎన్‌బీఏ గడప తొక్కరని గుర్తుంచుకోండి. 2015లో డల్లాస్ 52వ స్థానంలో పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ని తీసుకున్నప్పుడు మనమంతా పొంగిపోయాం. మన దేశంలో పుట్టి డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు. డల్లాస్ కింది స్థాయి జట్టు టెక్సస్ లెజెండ్స్‌కి ఆడాడు కానీ, పై మెట్టు ఎక్కలేకపోయాడు. ఏడడుగులు దాటిన ఎత్తుకి తగ్గ వేగం ఆ స్థాయిలో కుదరాలంటే ఇంకా చిన్న వయసు నుంచే గట్టి పోటీ దొరికి ఉండాలి.

డ్రాఫ్ట్ అయ్యాక

డ్రాఫ్ట్ మనకి తెల్లవారుజామున ఐదున్నర ప్రాంతంలో మొదలవుతుంది. ఆ టెన్షన్‌లో కొత్త పేర్ల మోజులో పడకుండా ముందురోజే బోర్డు రాసి పెట్టుకోండి. యూరప్‌లోనే ఉంచాలనుకున్న కుర్రాడి మ్యాచ్ టైమ్‌లు ఫోన్‌లో సెట్ చేసుకోండి. ఎక్కువ మ్యాచ్‌లు మనకి అర్ధరాత్రి దాటాకే. కోచ్ అతన్ని బెంచీ మీంచి ఎన్నో నిమిషంలో పిలుస్తున్నాడో ప్రతిసారీ తేదీ వేసి రాయండి. నవంబర్‌లో రెండో క్వార్టర్ సగంలో లేచినవాడు మార్చికల్లా మొదటి ఐదుగురిలో నడిచి వస్తుంటే, ఏజెంట్‌కి ఫోన్ చేయండి.