ఆత్మహత్యల నివారణ వ్యూహాలను అంచనా వేయడం – 4వ పాఠం: రెండు అంకెల ఉచ్చు

పోయిన పాఠానికి వచ్చిన జవాబులన్నీ దాదాపు ఒకే అచ్చు. "వ్యూహం రాకముందు రేటు ఇంత, వచ్చాక ఇంత, కాబట్టి పనిచేసింది." ఒక్కరికీ మార్కులు వేయలేదు. లక్ష జనాభాకు ఎన్ని ఆత్మహత్యలో రేటు కట్టడం, వయసు సర్దుబాటు (జనాభాలో పిల్లలు, పెద్దల పాళ్ల తేడా రేటును తారుమారు చేయకుండా సరిచేయడం) మీకు వచ్చనే అనుకుంటున్నాను.

ఫిన్లాండ్‌ని చూడండి. జాతీయ స్థాయిలో ఆత్మహత్యల నివారణకు పూనుకున్న తొలి దేశాల్లో అదొకటి. 1986లో పరిశోధనతో మొదలుపెట్టి, 1992 నుంచి 1996 దాకా అమలు చేశారు. 1990 అంకె పక్కన 1996 అంకె పెడితే తగ్గుదల బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కానీ రేటు గరిష్ఠానికి చేరిందే 1990లో. దిగడం అమలుకు ముందే మొదలైంది. కొండ కొమ్మున నిలబడితే ఎటు నడిచినా దిగుడే కదా! పరిశోధన దశే ఆ కదలిక తెచ్చిందని వాదిస్తారా? వాదించండి, తప్పులేదు. కాకపోతే రెండు అంకెలతో అది తేలదు. ముందు కనీసం పదేళ్ల గీత గీయండి. వ్యూహం లేకపోయినా ఆ గీత ఎటు పోయేదో చుక్కలతో పొడిగించండి. అసలు రేటుకీ ఆ చుక్కలకీ మధ్య ఉన్న ఎడం గురించే మాట్లాడండి. గరిష్ఠ సంవత్సరాన్ని ప్రారంభ బిందువుగా తీసుకున్న నివేదిక కనబడితే నేను మిగతాది చదవను.

మరి శ్రీలంకలోనూ లెక్క గరిష్ఠం నుంచే మొదలవుతుంది: 1995లో, లక్షకు 47 దాకా. అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఆపేసిందీ అప్పుడే. 1998లో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందునూ నిషేధించారు. 2005కల్లా రేటు సగానికి పడింది. దీన్ని ఎందుకు నమ్ముతాం? తగ్గినవి ముఖ్యంగా విషం వల్ల జరిగే మరణాలు, మిగతావి ఆ మేరకు పెరగలేదు. విషం తాగి ఆసుపత్రికి వచ్చేవాళ్లు తగ్గలేదు, వచ్చినవాళ్లలో ఎక్కువమంది బతికారు. నిరుద్యోగం, మద్యం, యుద్ధం లెక్కలు ఈ తగ్గుదలకు సరిపోలేదు. ఎక్కడ చెయ్యి వేశారో మార్పు అక్కడే కనబడింది. అందుకే మొత్తం రేటు కంటే ముందు విడి భాగాలు చూడటం నా అలవాటు.

మరణాల లెక్కల్లో "కారణం తేలని మరణాలు" అనే గడి కూడా ఒకసారి చూడండి. అది ఉబ్బుతుంటే ఆత్మహత్యల రేటు కాగితం మీదే తగ్గుతుంది.

అభ్యాసం: జపాన్‌లో రేటు 1998లో ఒక్కసారిగా ఎగబాకింది, 2006లో ఆత్మహత్యల నివారణ చట్టం వచ్చింది, 2010 నుంచి దాదాపు పదేళ్లు తగ్గుతూ వచ్చింది. స్త్రీపురుషులకు వేరువేరుగా గ్రాఫ్ గీయండి. తగ్గుదలకు చట్టం ఒక కారణం, ఆర్థిక పరిస్థితి ఇంకో కారణం అనుకుని, ఒక్కోదాన్నీ తప్పని తేల్చగల ఆధారం ఏమిటో రాయండి. గ్రాఫ్ చేత్తోనే గీయాలి. సాఫ్ట్‌వేర్ గీసినవి చూడను.